నాన్న నాణేలు రంగు మారాయి, అన్నయ్య ఫోన్ మానేశాడు

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచే వచ్చింది. రాసినావిడ పేరు వద్దన్నారు. వయసు నలభై నాలుగు. చాదర్‌ఘాట్ వైపు, మూసీకి దగ్గరగా ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. ఆరేళ్ల కిందట వాళ్ల నాన్నగారు పోయాక ట్రంకుపెట్టెలో ఒక బిస్కెట్ డబ్బా దొరికింది. అందులో గుడ్డమూట, మూటలో ముప్ఫై రెండు వెండి రూపాయలు. దాదాపు అన్నీ చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలే. పుణెలో ఉద్యోగం చేసే అన్నయ్య గుర్తుగా ఆరు తీసుకుని, "మిగతావి నీ దగ్గరే ఉండనీ" అన్నాడట.

ఆ ఇరవై ఆరింటిని ఈవిడ మూడు చోట్ల పెట్టారు. నాలుగు దేవుడి గదిలో కుంకుమ భరిణెలో వేసి, వరలక్ష్మీ వ్రతం రోజు వాటినే కలశంలో వేసేవారు. పన్నెండు, కోఠిలో ఫుట్‌పాత్ మీద కొన్న ప్లాస్టిక్ ఆల్బమ్‌లోకి వెళ్లాయి. మిగిలిన పదింటిని న్యూస్‌పేపర్‌లో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, బీరువాలో నాన్నగారి ఉన్ని శాలువా మడతలో దాచారు.

వచ్చే నెల అన్నయ్య కూతురి పెళ్లి. తాతయ్య గుర్తుగా నాణేలన్నీ వెండి పళ్లెంలో పోసి అమ్మాయికి ఇద్దామని అన్నయ్య అన్నాడు. తీరా ఈవిడ తీసి చూస్తే భరిణెలోవి నల్లబడి ఎర్రటి మరకలతో ఉన్నాయి. ఆల్బమ్‌లోవి పచ్చగా, జిగటగా ఉన్నాయి. పేపర్‌లోవి పసుపు, ఊదా, నీలం రంగులు తిరిగి ఉన్నాయి, ఒకదాని మీద నల్లటి గీత అడ్డంగా ఉంది. కంగారుపడి ఓ అయిదింటిని టూత్‌పేస్టుతో, ఇత్తడి సామాన్లు తోమే పొడితో రుద్దేశారు. అవి అల్యూమినియం బిళ్లల్లా తెల్లగా తేలాయి. అన్నయ్య వదినతో వచ్చినప్పుడు వదిన తమ నాణెం ఒకటి తీసి పక్కన పెట్టి, "ఇవి మామయ్యగారివేనా? ఎక్కడైనా మారిపోయాయా?" అందట. ఈవిడ "మొదటినుంచీ అలాగే ఉన్నాయి" అనేశారు. అన్నయ్య టీ తాగకుండానే లేచాడు. మూడు వారాలుగా ఫోన్ లేదు.

ఆవిడ అడిగినవి ఇవి: వెండి నిజంగా పాడైందా? మిగతావీ తోమించి అన్నీ ఒకే రంగుకు తేవచ్చా? పోనీ, అలాంటివే కొని ఆ స్థానంలో పెట్టేస్తే? "ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని రాశారు. చివర్లో ఇంకో మాట: పేపర్‌లోని నాణేల్లో ఒకదాని మీద వేలిముద్ర ఒకటి గోధుమరంగులో అచ్చుపడి ఉందట. అది నాన్నదేనేమో అని.

అమ్మా,

మూడో ప్రశ్న ముందు తీసుకుంటాను, ఎందుకంటే అది ఈ రాత్రికే చేసెయ్యాలనిపించే పని. కొని పెట్టొద్దు. ఇప్పటివరకు మీ వదిన అన్నది ఉత్త అనుమానం. మీరు నాలుగు నాణేలు కొని కలిపిన రోజున అది నిజమైపోతుంది. పైగా పాత నాణేల పేరుతో పోతపోసిన నకిలీలు కూడా అమ్ముతుంటారు. ఆ సంగతి పెళ్లిపందిట్లో ఎవరో నగల వ్యాపారి చూసి చెబితే మీ మొహం ఎక్కడ పెట్టుకుంటారు?

ఇక వెండి పాడైందా అంటే, లేదు. మారింది పైపొర ఒక్కటే. ఆ పొర ఎంత పలచనో చెబితే మీకు కొంచెం ఊపిరి ఆడుతుంది. నీలం, ఊదా రంగులు తిరిగిన చోట దాని మందం వెంట్రుక మందంలో వెయ్యో వంతు లెక్కన ఉంటుంది. వాన పడిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు విచ్చుకుంటాయి చూడండి, ఇదీ అదే. అందులో రంగు వేసిన పదార్థం ఏమీ లేదు. పొర పైనుంచి వచ్చే వెలుగు, పొర అడుగునుంచి తిరిగొచ్చే వెలుగు కలిసి ఆడే ఆట అది. పొర పెరిగేకొద్దీ ముందు లేత పసుపు, తర్వాత ఎర్రటి ఊదా, ఆపైన నీలం, ఇంకా మందమైతే నలుపు.

ఆ పొర గంధకం వల్ల వస్తుంది. వెండికి గంధకం అంటే పడదు. గాలిలో కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ రవ్వంత ఉన్నా చాలు, వెండి దాన్ని పట్టుకుని సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. మూసీ పక్కన ఉండేవాళ్లకు ఆ వాసన నేను వర్ణించి చెప్పక్కర్లేదు. వానాకాలంలో గాలి తడిగా ఉన్నప్పుడు నాణెం మీద కంటికి కనిపించని నీటిపొర ఏర్పడి ఈ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. మీ ఇంట్లో వెండి కుంది కూడా మీ అన్నయ్య ఇంట్లో కుంది కంటే తొందరగా నల్లబడుతూ ఉండాలి. ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు ఆ నల్లటి గీత సంగతి. నాకు మీ ఉత్తరంలో బాగా నచ్చిన వాక్యం అదే, ఎందుకంటే మీకు తెలియకుండానే మీరు సాక్ష్యం రాసిచ్చారు. ఆ నాణేన్ని మళ్లీ అదే పేపర్ మడతలో పెట్టి చూడండి. రబ్బరు బ్యాండు పోయిన దారినే గీత ఉంటుంది. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు, అది పేపర్‌లోంచి కూడా మెల్లగా వెలువడుతుంది. నాసిరకం కాగితంలోనూ గంధకం ఉంటుంది. ఉన్నిలో సహజంగానే ఉంటుంది. అంటే నాన్నగారి శాలువాలో పెట్టి భద్రం అనుకున్నారు కదా, మూడు వైపులనుంచీ గంధకం మధ్యలో కూర్చోబెట్టారన్నమాట. కానీ ఒకటి చెబుతాను, ఎవరూ తోమకుండా ఇలా రంగులు తిరిగిన నాణేలను ఇష్టపడి వెతుక్కుని కొనే సేకర్తలు ఉన్నారు. మీరు సిగ్గుపడుతున్న ఆ పది నాణేలే మీ దగ్గరున్న వాటిలో అందమైనవి కావచ్చు.

భరిణెలో నాలుగింటిది వేరే కథ. నిజాం రూపాయి శుద్ధ వెండి కాదు. అందులో వెండి 81.8 శాతం, మిగతాది ప్రధానంగా రాగి. కలశంలో నీళ్లు, పసుపు, వేళ్లకంటిన నూనె, కుంకుమ, అన్నీ ఆ రాగి వంతు మీద పనిచేస్తాయి. అగరుబత్తి పొగ, అగ్గిపుల్ల గీసినప్పుడల్లా వచ్చే గంధకం ఘాటు వెండి వంతు సంగతి చూసుకుంటాయి. ఎర్రటి మరక మాత్రం చాలావరకు నూనెలో నానిన కుంకుమే అయ్యుంటుంది, మెల్లగా వదులుతుంది.

అసలు భయపడాల్సింది ఆల్బమ్‌ని చూసే. అలా వంగే మెత్తటి ప్లాస్టిక్ సాధారణంగా పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ల తరబడి బయటికి ఊరుతుంది. ప్లాస్టిక్ చివికేకొద్దీ ఆమ్లం కూడా విడుదలవుతుంది. ఆ ఆమ్లం నాణెంలోని రాగిని తిని పచ్చటి జిగట చేస్తుంది. గంధకం పొర నిదానం మీద ఉంటుంది కానీ ఈ పచ్చ జిగట ఊరుకోదు, తింటూనే ఉంటుంది. కాబట్టి నా సమాధానం చదవడం పూర్తయ్యాక మొదటి పని, ఆ ఆల్బమ్‌లోంచి అన్నిటినీ బయటికి తీయడం.

వాటిని ఎలా శుభ్రం చేయాలో కాస్త వివరంగా చెబుతాను, ఇక్కడ తొందరపడితే ఇంకో అయిదు పోతాయి. లాబ్ సామాన్లు, కెమికల్స్ అమ్మే షాపులో స్వచ్ఛమైన అసిటోన్ అడగండి. గోళ్లరంగు తుడిచే రిమూవర్ వద్దు, అందులో సెంటు, నూనెలు కలుస్తాయి. గాజుగిన్నెలో పోసి, నాణెం మునిగేలా పెట్టి, పైన గాజుమూత వేసి వదిలేయండి. జిగట కరిగాక ఇంకో గిన్నెలో తాజా అసిటోన్‌లో ముంచి తీసి గాలికి ఆరనివ్వండి. రుద్దొద్దు. కిటికీలు తీసి ఉంచండి, దరిదాపుల్లో దీపం గానీ స్టవ్ గానీ వెలగకూడదు, అది పెట్రోలులా అంటుకుంటుంది. దేవుడి గదికి దూరంగా, బాల్కనీలో చేసుకోండి. అసిటోన్ వెండిని ముట్టదు, జిగటనే తీసుకుపోతుంది. కింద లోహం అప్పటికే తినేసి ఉంటే ఆ గుంటలు మాత్రం ఉండిపోతాయి. కుంకుమ నాణేలకు ముందు గోరువెచ్చని ఆర్.ఓ. నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి నానబెట్టి చూడండి, తర్వాత మెత్తటి నూలుగుడ్డతో అద్దండి. నలుపు పోదు, నూనె మరక పోతుంది.

మిగతావన్నీ ఒకే రంగుకు తేవడం గురించి. చేయొచ్చు. కంసాలి దగ్గర మెరుగు పెట్టిస్తే గంటలో అన్నీ తెల్లగా వస్తాయి. పెళ్లి ఫోటోల్లో పళ్లెం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కానీ మీరు తోమిన అయిదూ ఎందుకు అల్యూమినియంలా అనిపించాయో తెలిస్తే ఆ నిర్ణయం తీసుకోవడం తేలిక. టంకశాలలో అచ్చు పడినప్పుడు లోహం ఆ దెబ్బకు మధ్యనుంచి అంచులవైపు పారుతుంది, ఆ పారిన జాడలు సన్నటి గీతలుగా మిగులుతాయి. పెద్దగా వాడని నాణేన్ని దీపం కింద వంచి తిప్పితే వెలుగు చక్రంలా తిరిగేది వాటివల్లే. టూత్‌పేస్టులో, తోమే పొడిలో ఉన్న గరుకు ఆ గీతలను అరగదీస్తుంది. ఒకసారి అరిగితే మళ్లీ రావు. అల్యూమినియం ఫాయిల్, వంటసోడా, వేడినీళ్లతో చేసే పద్ధతి మీరు యూట్యూబ్‌లో చూసే ఉంటారు. అందులో గరుకు లేదు, నల్లపొర తిరిగి వెండిగా మారుతుంది. అయినా పైన పేలవమైన తెలుపు మిగులుతుంది, మూసీ గాలికి అది మళ్లీ నల్లబడటం మొదలవుతుంది.

ఇందులో పెద్దగా డబ్బు నష్టం ఉందని మాత్రం బెంగపడొద్దు. నిజాం రూపాయలు చాలా పెద్ద సంఖ్యలో అచ్చయ్యాయి, వాటిలో ఎక్కువ భాగం అరుదైనవి కావు. అయిదు నాణేల మెరుపు పోయినందుకు మీ కుటుంబం బీదదైపోదు. నేను చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇచ్చిన రాగి కాణీని చింతపండుతో తోమి గులాబీరంగు తెప్పించి ఊరంతా చూపించాను. ఆరు నెలల్లో అది మచ్చలు మచ్చలుగా తయారైంది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది, అసహ్యంగా.

నన్నడిగితే తోమిన ఆ అయిదింటినీ ఇకముందు పూజకు వాడుకోండి. అవి కాలక్రమంలో మెల్లగా బూడిదరంగుకు తిరుగుతాయి. వాటిని తొందరగా పాతవిగా చేయాలని ఉడికించిన గుడ్డు పక్కన పెట్టడంలాంటి చిట్కాలు ఎవరైనా చెబితే వినకండి. నాణేల బజారులో దాన్ని మోసం కిందే లెక్కేస్తారు.

ఇక మీ అన్నయ్య.

వదిన అడిగిన ప్రశ్నకు జవాబు రంగులో దొరకదు. ఒకే మూటలో ఉన్న నాణేలు ఆరేళ్లు నాలుగు చోట్ల ఉంటే నాలుగు రంగులు తిరుగుతాయి. అన్నయ్యవి ఎక్కడున్నాయో మీరు రాయలేదు. బ్యాంకు లాకర్‌లోనో, గాలి తగలని డబ్బాలోనో ఉండి ఉంటాయి. జవాబు తూకంలో ఉంది. మిల్లీగ్రాములు చూపించే చిన్న డిజిటల్ కాటా తీసుకోండి, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతుంది. నిజాం రూపాయి 11.18 గ్రాములు. చేతులు మారి అరిగినందుకు 11 అనో 10.9 అనో చూపించవచ్చు. మీరు తోమినందువల్ల పోయిన బరువు ఈ అంకెలను మార్చేంత ఉండదు. అయస్కాంతం పెడితే అంటుకోకూడదు. తర్వాత చార్మినార్ బొమ్మలో గుమ్మం మధ్యలోకి భూతద్దంతో చూడండి. ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలానివైతే 'ఐన్', ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ కాలానివైతే 'మీమ్'. అన్నయ్య ఆరింటిలోనూ అదే చూడమనండి.

ఒక జాగ్రత్త. "దాదాపు అన్నీ" నిజాం రూపాయలే అని రాశారు. అంటే రాజు తలకాయ ఉన్నవి ఒకటో రెండో ఉన్నట్టున్నాయి. అవి కల్దార్లు, బ్రిటిష్ రూపాయలు. వాటి బరువు 11.66 గ్రాములు, సరిగ్గా తులం. కాటా మీద అంకె తేడాగా వచ్చిందని వదిన ముందు తడబడకండి. 1940కి ముందువాటిలో వెండి 91.7 శాతం, ఆ తర్వాత యుద్ధకాలంలో సగానికి తగ్గించారు. అందుకే అలాంటిది ఒకే డబ్బాలో ఉన్నా వేరే రంగు తిరుగుతుంది. పాత హైదరాబాదీలు ఏడు హాలీ సిక్కాలకు, అంటే నిజాం రూపాయలకు, ఆరు కల్దార్లు అని లెక్క చెప్పేవారు. రెండింటిలోని వెండిని తూచి చూస్తే ఆ లెక్క దాదాపు అక్కడికే సరిపోతుంది. ఇది మీ సమస్యకు అవసరం లేదు కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

తూకం ఎవరి ముందు వేయాలన్నది మీరు నిర్ణయించుకోవాలి. వీడియో కాల్‌లో ఇద్దరూ చెరో కాటా పెట్టుకుని తూచితే ఇవాళే తేలిపోతుంది, కానీ కాటాలు రెండు కాబట్టి సణుగుడు మిగలొచ్చు. నాణేలు తెలిసిన వ్యాపారి దగ్గరికి అందరూ కలిసి వెళ్తే మాట గట్టిగా ఉంటుంది. అయితే బయటివాడి ముందు తోబుట్టువులు పంచాయితీకి కూర్చున్నట్టు ఉంటుంది, మీ అన్నయ్య స్వభావానికి అది పడుతుందో లేదో మీకే తెలియాలి. ఏమీ చేయకుండా పెళ్లిరోజున పళ్లెంలో పోసి ఇచ్చేస్తే గొడవ కనపడదు. కానీ ఆ పళ్లెం చూసిన ప్రతిసారీ మీ వదినకు అదే ప్రశ్న గుర్తొస్తుంది, దాంతో బతకాల్సింది ఇకపై ఆ పిల్ల.

ఏ దారి పట్టినా దానికంటే ముందు ఒక ఫోన్ ఉంది. "మొదటినుంచీ అలాగే ఉన్నాయి" అన్నారు చూశారా, టీ ఆగిపోయింది అక్కడే అని నా అనుమానం. ఆ మూటను అన్నయ్య కూడా విప్పి చూశాడు కదా. మొదట్లో అవి అలా లేవని అతనికి తెలుసు. నాణేలు మారాయని నమ్మాడో లేదో నేను చెప్పలేను, చెల్లెలు అబద్ధమాడిందని మాత్రం ఆ క్షణంలోనే అర్థమై ఉంటుంది. ఫోన్ చేసి, "నల్లబడ్డాయని భయపడి టూత్‌పేస్టుతో తోమాను, పాడుచేశాను, నువ్వు తిడతావని చెప్పలేదు" అనండి. మీరు అన్నయ్యకు చెప్పలేకపోయిన మాటలు నాకు రాసిన ఉత్తరంలో ఒకటిన్నర పేజీ ఉన్నాయి. అవే చదివి వినిపించినా సరిపోతుంది. వదిన మాట మీకు గుచ్చుకుందని కూడా చెప్పండి, అయితే అదే ఫోన్‌లో వద్దు. ఒప్పుకోలూ ఫిర్యాదూ ఒకేసారి చేస్తే రెండోదే వినిపిస్తుంది.

అతను మెత్తబడితే, పెళ్లిపనుల మీద హైదరాబాద్ వచ్చినప్పుడు అమ్మాయిని కూడా తీసుకుని సైఫాబాద్ వెళ్లి రండి. 1903లో నిజాం టంకశాల అక్కడికి మారింది. 1997లో పని చర్లపల్లికి తరలింది, పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. మీ నాన్నగారి రూపాయల్లో చాలావరకు ఆ గోడల మధ్య అచ్చుపడినవే అయ్యుంటాయి.

పిల్లకు ఇచ్చేటప్పుడు ఆ వెండి పళ్లెంలో గలగలా పోయకండి, ఒకదాన్నొకటి గీరుకుంటాయి. ఒక్కో నాణేన్ని గట్టి పారదర్శకమైన పాలిస్టర్ కిటికీ ఉన్న చదరపు అట్టల్లో పెట్టి, మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఇవ్వండి. కొత్త చెప్పుల పెట్టెలో వస్తుంది చూడండి, అదే. పట్టుకోవాల్సి వస్తే అంచులు పట్టుకోమనండి.

వేలిముద్ర గురించి. చెమటలో ఉప్పు, కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ముట్టుకున్న రోజు ఏమీ కనిపించదు. నెలలు గడిచాక అదే ఆకారంలో లోహం కమిలి పైకి తేలుతుంది, తుడిస్తే పోదు. కాబట్టి అది నాన్నగారిది కావచ్చు, పేపర్‌లో చుట్టిన రోజు మీది కావచ్చు, మూట విప్పిన రోజు అన్నయ్యది కావచ్చు. ఆ ఒక్క నాణేన్ని అసిటోన్‌లో కూడా ముంచకుండా పక్కన పెట్టండి. అన్నయ్య వచ్చినప్పుడు భూతద్దం చేతికిచ్చి, ఎవరి వేలో చూడమనండి.